ఆ కవరు ముడి వెయ్యకండి, వదినగారూ!

వదినగారూ, ఒక్క నిమిషం ఆగండి. ఆ కవరు ముడి వేసేశారా? ఇంకా లేదు కదా, అమ్మయ్య! నిన్నటి పులిహోర మిగిలినట్టుంది. దాన్ని ఈ పళ్ళెంలోకి వంచేసి, కవరు మటుకు విడిగా ఉంచండి. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ తెల్లావు ఎప్పుడూ నిలబడి ఉంటుంది చూశారూ, దానికి ముడి విప్పుకోవడం రాదు. వాసన తగిలితే చాలు, కవరుతో సహా నమిలి మింగేస్తుంది. ఆవు పొట్టలోకి పోయిన ప్లాస్టిక్కు అరగదు, పేడలో రాదు, మొదటి అరలోనే ఉండలు కట్టి పేరుకుపోతుంది. పశువుల డాక్టర్లు ఆపరేషన్ చేసి పదుల కిలోల కవర్లు బయటికి తీశారన్న వార్తలు ఎన్నిసార్లు చదవలేదు మనం? పొట్ట కవర్లతో నిండిపోతే ఇక మేత ఎక్కడ ఎక్కుతుంది? పాలు తగ్గిపోతాయి, చిక్కి శల్యమై ఒకనాడు పడిపోతుంది. మూగజీవానికి నాలుగు మెతుకులు పెట్టాలనిపిస్తే ఆకులోనో, గేటు పక్కన సిమెంటు తొట్టిలోనో పెట్టండి. కవర్లో మాత్రం వద్దు.

మీరు కొత్తగా వచ్చారు, ఇన్నాళ్ళూ అపార్ట్‌మెంట్లో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, ఏమీ అనుకోకండేం. అక్కడైతే రాత్రి తలుపు బయట బకెట్ పెట్టేస్తే తెల్లారేసరికి ఎవరో పట్టుకుపోతారు. మన చెత్త ఎవరి చేతుల మీదుగా వెళ్తోందో కంటికి కనబడదు. ఇక్కడ కనబడుతుంది. పొద్దున్నే విజిల్ వేసుకుంటూ బండి తోసుకొస్తుంది చూడండి, మునిసిపాలిటీ అమ్మాయి. మనం అన్నీ కలిపి ఒకే డబ్బాలో పడేస్తే, వాటిని వేరుచేసేది ఆ పిల్ల చేతులే. ఒక్కోసారి గ్లవ్స్ ఉంటాయి, ఒక్కోసారి ఉండవు. ఉన్నా ఆ గ్లవ్స్ పగిలిన గాజుని ఆపుతాయా చెప్పండి? మజ్జిగ చారు, డైపరు, గాజుపెంకు, గడ్డం గీసుకున్న బ్లేడు, అన్నీ ఒకే కవర్లో ముడేసి ఇస్తే, ఆ ముడి విప్పేటప్పుడు ఆమె వేళ్ళకి ఏది తగులుతుందో మనకి తెలుసునా? తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడు రకాలుగా ఇంటిదగ్గరే విడదీసి ఇవ్వాలని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే చెప్పారు. మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్, అని మొదలుపెట్టి ఆకుపచ్చ, నీలం, ఎర్ర డబ్బాలు కూడా ఇంటింటికీ ఇచ్చారు. ఇప్పుడు వాటిలో బియ్యం పోసుకున్నవాళ్ళూ ఉన్నారు, బట్టలు నానబెట్టుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. డబ్బా రంగు ఏదైతేనేం లెండి, రెండు బకెట్లూ ఒక సంచీ ఉంటే పని జరిగిపోతుంది.

మీ మామగారికి ఇన్సులిన్ ఇస్తారన్నారు కదూ. ఆ సూదులు ఏం చేస్తున్నారు? చెత్తలో వెయ్యకండి, దయచేసి. ఫినాయిల్ డబ్బా లాంటి గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఖాళీ అయితే కడిగి ఉంచుకోండి. సూది పొడిచిన వెంటనే అందులో పడెయ్యాలి, మూత పెట్టాలి. నిండాక టేపు చుట్టి, పైన 'సూదులు' అని పెద్ద అక్షరాలతో రాసి విడిగా చేతికివ్వాలి. పగిలిన గాజుగ్లాసైనా అంతే, రెండు పొరల పాత పేపర్లో చుట్టి 'గాజు' అని రాస్తే చాలు. ఆడపిల్లల ప్యాడ్లు పేపర్లో చుట్టి, పొట్లం మీద ఎర్ర పెన్నుతో ఒక గుర్తు పెట్టండి. ఆ గుర్తు చూస్తే ఆ అమ్మాయి దాన్ని విప్పదు. మనకి అరనిమిషం పని. ఆమెకి అది ఒంటికి సంబంధించిన విషయం.

బకెట్ ఖాళీ అయితే చెత్త పోయిందనుకుంటాం. ఎక్కడికి పోతుంది వదినగారూ? ఇక్కడ బెజవాడలో అయితే సింగ్ నగర్లో గుట్టలు పడ్డాయి, హైదరాబాదులో అయితే జవహర్‌నగర్లో కొండే లేచింది. ఆ చుట్టుపక్కల కాపురం ఉండేవాళ్ళనడగండి, వాన పడితే గాలి ఎలా ఉంటుందో, బోరునీళ్ళు ఏ రంగులో వస్తాయో చెబుతారు. మన ఊళ్ళ చెత్తలో దాదాపు సగం వంటింటి తడిచెత్తే. దాన్ని కవర్లలో కుక్కి గుట్ట కింద పూడిస్తే గాలి తగలక కుళ్ళి మీథేన్ పుడుతుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే, నూరేళ్ళ లెక్కలో చూసినా, పాతిక రెట్లకి పైమాట. ఎండాకాలం ఆ గుట్టలు అంటుకునేదీ దానివల్లే. అదే తడిచెత్త మన పెరట్లో గాలి తగిలేలా మగ్గితే ఎరువవుతుంది. అందుకే పర్యావరణం అని పెద్దపెద్ద మాటలు చెప్పేముందు వంటగట్టు కింద బకెట్ చూడమంటాను నేను. మిగతావన్నీ ఆ తరవాతే.

అసలు ఆ తడిచెత్తలో చాలా భాగం చెత్తే కాదు. నిన్న మీరు బీరకాయ చెక్కు తీసి పడేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. లేత బీరకాయ అది, వంగదీస్తే టప్పున విరిగే రకం! ఈసారి ఇలా చెయ్యండి. కాయని పంపు కింద బాగా రుద్ది కడిగి, చెక్కు తీసి సన్నగా తరగండి. లేతదైతే ఈనెలతో సహా పనికొస్తుంది, ముదురైతే ఈనెలు మటుకు తీసెయ్యండి. మూకుట్లో చెంచాడు నూనె వేసి, సన్నసెగ మీద పచ్చివాసన పోయి అంచులు కాస్త ఎర్రబడేదాకా కలుపుతూ వేయించాలి. మూత పెట్టకండి, మెత్తబడిపోతుంది. విడిగా శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు, ఇంగువ పోపు వేయించుకుని, నిమ్మకాయంత కాకుండా ఉసిరికాయంత చింతపండు, ఉప్పు, వేయించిన చెక్కు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరండి. పప్పు పంటికింద తగలాలి. వేడన్నంలో కలిపి ఒక ముద్ద తిన్నాక చెప్పండి, బీరకాయ కూర గొప్పదా, పొట్టు పచ్చడి గొప్పదా అని. మా ఇంట్లో అయితే ముందు ఖాళీ అయ్యేది పచ్చడి గిన్నే.

ఆనపకాయ తొక్కుతోనూ ఇలాగే చేసుకోవచ్చు. పుచ్చకాయ ఎర్రగుజ్జు తిన్నాక మిగిలే తెల్లభాగం ముక్కలు చేసి పప్పులో వెయ్యండి, దోసకాయ పప్పుకి తీసిపోదు. తోటకూర కాడలు పులుసులోకి, ముల్లంగి ఆకు పప్పులోకి, పనసగింజలు ఉడకబెట్టి వేపుడులోకి. మన పెద్దవాళ్ళ వంట ఇదే. పీచు కావాలని డబ్బాలు కొనుక్కుని నీళ్ళలో కలుపుకు తాగేవాళ్ళు, ముందు వంటింట్లో ఏం పారేస్తున్నారో చూసుకుంటే మంచిది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకి వచ్చింది, వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార నియమాల్లో కంచంలో సగం కూరలూ ఆకుకూరలూ పళ్ళూ దుంపలే ఉండాలన్నారు. మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? కంచం నిండా తెల్లన్నం, అంచున ఇంత కూర, అందులో మళ్ళీ ఊరగాయ. ఊరగాయ మానెయ్యమనను, బెజవాడలో ఆ మాట అనగలమా? కానీ మనిషికి రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే ఒక చిన్న చెంచాడు. కూర, పప్పు, చారు, మజ్జిగ, అప్పడం, అన్నిట్లోనూ కలిపి. బీపీ మాత్ర వేసుకునేవాళ్ళున్న ఇంట్లో పెరుగన్నంలోకి రెండోసారి ఆవకాయ వేసుకునేముందు ఆ చెంచా తలుచుకోవాలి.

ఇటు రండి, ఈ కుండ చూపిస్తాను. ముక్కు మూసుకోనక్కర్లేదు, మూత తీస్తున్నాను. ఏదీ, వాసనొచ్చిందా? తొలకరి వాన పడ్డ నేల వాసన కదూ! అదీ సరిగ్గా మగ్గిన ఎరువంటే.

చేసేదేం లేదు, పాత మట్టికుండ అడుగున ఒక చిల్లు, పక్కల నాలుగు చిల్లులు. అడుగున కొబ్బరి పీచు పరిచి, దానిమీద ఎండుటాకులు జానెడు మందాన వెయ్యాలి. తరవాత రోజూ వంటింట్లో వచ్చే తొక్కలు, కాడలు, టీపొడి, రాలిన పూలు, చిదిపిన కోడిగుడ్డు పెంకులు. వాటిమీద ప్రతిసారీ ఎండుటాకులు కప్పాలి. ఇదొక్కటే అసలు సూత్రం. తడి ఎంత వేస్తే పొడి అంతకంటే కాస్త ఎక్కువే వెయ్యాలి. చాలామంది ఎక్కడ చేతులెత్తేస్తారంటే తొక్కలు మటుకే వేసుకుంటూ పోతారు, నీరుకారి కంపు కొడుతుంది, తెల్లపురుగులు పాకుతాయి, ఇంట్లో మగవాళ్ళు విసుక్కుంటారు, కుండ వీధిలోకి వెళ్ళిపోతుంది. కంపు కొడితే తడి ఎక్కువైందని అర్థం. పుల్లతో కిందామీదా కలిపి, రెండు గుప్పిళ్ళ ఎండుటాకులో చింపిన అట్టముక్కలో వెయ్యండి. చీమలు పట్టాయంటే మరీ పొడిగా ఉందన్నమాట, బియ్యం కడిగిన నీళ్ళు చిలకరించండి. పైన తెల్లగా బూజు కడితే కంగారుపడొద్దు, అది పని చేస్తోందని గుర్తు. మొదట్లో పులిసిన మజ్జిగ ఒక గరిటెడు పోస్తే తొందరగా అందుకుంటుంది. నూనె తేలే కూరలు, మాంసం ఎముకలు మాత్రం వెయ్యకండి, ఎలుకలు వస్తాయి. నిమ్మతొక్కలు మరీ ఎక్కువైతే పులుపు పెరిగి వానపాములు దగ్గరికి రావు. కుండ నిండాక పక్కన పెట్టేసి రెండో కుండ మొదలుపెట్టాలి. మన ఎండలకి రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది. గుప్పెడు తీసి పిడికిలి బిగిస్తే చేతికి తడి తగలాలిగానీ నీరు కారకూడదు.

ఎండుటాకులు ఎక్కడివంటారా? మీ వేపచెట్టు రాల్చేవి చాలవూ? పొద్దున్నే ఊడ్చి కుప్ప చేసి అగ్గిపుల్ల గీస్తున్నారు చూడండి ఎదురింట్లో, ఆ ఆకులే. నాకు వాటిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మంచి ఎరువు పొగైపోతోందని ఒక బాధ, ఆ పొగ పక్కింటి ఉబ్బసం మనిషికి తగులుతుందని ఇంకో బాధ. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 కట్టించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. ఇరుగుపొరుగున జరిమానాల మాట ఎందుకులెండి. ఒక పాత బియ్యం సంచీ ఇచ్చి, "ఆకులు నాకు కావాలండీ, ఇందులో నింపి పెడతారా?" అని అడిగితే ఎవరూ కాదనరు. రేపు మీరూ ఒక మాట చెప్పి చూడండి.

ఆ ఎరువుతో ఏం చెయ్యాలన్నది మీకు చెప్పనక్కర్లేదనుకోండి. మిద్దె తోట అనే మాటని మన ఇళ్ళలోకి తెచ్చిన తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు కథలు రాసే మనిషి, హైదరాబాదులో ఇంటి మిద్దె మీద ఇంటికి సరిపడా కూరగాయలు పండించి చూపించారు. అంత మనవల్ల కాకపోయినా నాలుగు తొట్లలో తోటకూర, పుదీనా, పచ్చిమిర్చి, ఒక కరివేపాకు మొక్క. చారులోకి కరివేపాకు అప్పుడే తుంచుకొచ్చి వేస్తే ఆ చారే వేరు. మందు కొట్టని ఆకు పిల్లలకి పెట్టామన్న నిశ్చింత ఒకటి ఉంటుంది చూశారూ, అది ఏ బజార్లో కొంటే వస్తుంది?

అన్నట్టు, అన్నయ్యగారు ఆఫీసు నుంచి వస్తూ కర్రీ పాయింట్లో సాంబారు తెచ్చారు నిన్న. కవరు ఉబ్బి ఉంది, పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. సలసల కాగే సాంబారు అంత పల్చటి కవర్లో పోసి రబ్బరు బ్యాండ్ వేస్తారు, అందులో పులుపూ నూనే వేడీ మూడూ ఉన్నాయి. ప్లాస్టిక్కులో కలిపే రసాయనాలు తిండిలోకి దిగడానికి ఇంతకన్నా వేరే దారి అక్కర్లేదు. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా కూడదన్నారు. అయినా మీరు చూస్తూనే ఉన్నారు. చట్టం వచ్చి మన సాంబారుని కాపాడదు, స్టీలు క్యారియరు కాపాడుతుంది. మీ అత్తగారి నాటి మూడు గిన్నెల క్యారియరు అటక మీద ఉందన్నారు కదా, దింపి తోమించండి. స్కూటరు డిక్కీలో చక్కగా పడుతుంది. కర్రీ పాయింటు వాళ్ళకీ కవరు ఖర్చు తగ్గుతుంది, కొందరైతే క్యారియరు తెచ్చినవాళ్ళకి ఒక గరిటె ఎక్కువే పోస్తారు. సాయంత్రం బజ్జీలు తెచ్చుకున్నా ఒక డబ్బా పట్టుకెళ్ళమనండి. పేపర్లో కడితే నూనె పీల్చుకునేటప్పుడు అచ్చు సిరా బజ్జీకి అంటుకుంటుంది. తిండి పదార్థాలు న్యూస్ పేపర్లో చుట్టకూడదని ఆహార భద్రతా సంస్థ ఎప్పటినుంచో మొత్తుకుంటోంది.

ఆ సంస్థ వాళ్ళే నూనె సంగతి కూడా చెప్పారు. కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన. మనింట్లో కొలిచే యంత్రం ఉండదు కాబట్టి కంటికీ ముక్కుకీ పని చెప్పాలి. నల్లబడినా, చిక్కబడి జిగురు తేలినా, మరిగేటప్పుడు నురగ పొంగినా, మూకుడు పెట్టగానే ఘాటుగా పొగ లేచినా ఆ నూనె ఇక వద్దు. గారెలు వేయించిన నూనె వడగట్టి రెండు రోజుల్లో పోపులకి వాడేసుకోండి, మళ్ళీ మళ్ళీ మరిగించకండి. మిగిలింది సింకులో పొయ్యొద్దు, పైపు పట్టేస్తుంది. ఎండుటాకుల్లోనో పాత పేపర్లోనో ఇంకించి పొడిచెత్తతో విడిగా ఇచ్చెయ్యండి.

మీ ఆర్వో మిషన్ పైపు నేరుగా సింకులోకి వదిలారు, చూశాను. చాలా మిషన్లలో ఒక లీటరు మంచినీళ్ళు వచ్చేలోపు దాదాపు మూడు లీటర్లు బయటికి పోతాయి. ఆ పైపు ఒక బకెట్లోకి పెట్టండి. ఇల్లు తుడవడానికి, బాత్రూము కడగడానికి, బండి కడగడానికి ఆ నీళ్ళు దివ్యంగా పనికొస్తాయి. మొక్కలకి మటుకు రోజూ వద్దు, ఉప్పు పేరుకుంటుంది. అసలు మీ నీళ్ళకి ఆర్వో కావాలా అన్నది ముందు తేల్చుకోవాలి. కార్పొరేషన్ వాళ్ళ కృష్ణ నీళ్ళు వచ్చే చోట టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, చూపించండి. లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆర్వో అక్కర్లేదని 2019లో హరిత ట్రిబ్యునల్ అంది. కాచి వడపోసుకున్నా, యూవీ ఫిల్టరు పెట్టుకున్నా సరిపోతుంది. కానీ ఈ మాట అందరికీ చెప్పకూడదు వదినగారూ. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బుని వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి వైపు, నల్గొండ వైపు వంకర తిరిగిన కాళ్ళతో బతుకు వెళ్ళదీసిన వాళ్ళని మనం చూశాం. ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట నీళ్ళు కాచితే పోయేది ఏమీ లేదు, ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఆర్వో లాంటిది ఉండి తీరాలి. మీ పుట్టింటివాళ్ళది దర్శి వైపన్నారు కదా, వాళ్ళ బోరునీళ్ళు పరీక్ష చేయించమని ఫోను చెయ్యండి, ఇవాళే.

ఒక్క మాట గట్టిగా చెబుతాను, కోప్పడ్డాననుకోకండి. బాత్రూము కడిగే యాసిడ్‌నీ, బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపొద్దు. రెండూ వేస్తే బాగా తెల్లబడుతుందనుకుని పనమ్మాయిలు వేసేస్తుంటారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసి ఉన్న బాత్రూములో ఊపిరితిత్తులు కాలిపోతాయి. మీ పనమ్మాయికి కూడా కూర్చోబెట్టి చెప్పండి, సీసాలు వేరువేరు చోట్ల పెట్టండి. ఇల్లు తుడవడానికి అసలు అంత ఘాటు ఎందుకు? నాలుగు కుంకుడుకాయలు చితక్కొట్టి రాత్రి నానేసి, పొద్దున్న పిసికి వడగట్టి బకెట్లో కలిపితే నేల జిడ్డు పోతుంది, పట్టుచీరకీ వెండి పట్టీలకీ అదే. కమలా, నిమ్మ తొక్కలుంటే ఒక వంతు బెల్లం, మూడు వంతులు తొక్కలు, పది వంతుల నీళ్ళు ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూడు నెలలు మగ్గనిస్తారు, దాన్నే బయో ఎంజైమ్ అంటున్నారు. మొదటి నెల రోజూ మూత కాస్త వదులుచేసి గాలి పోనివ్వాలి, గాజుసీసాలో మటుకు పెట్టకండి, గ్యాసుకి పగులుతుంది.

కరెంటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏసీ 24 దగ్గర పెట్టి పైన ఫ్యాను వేసుకోండి. ఒక డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు తగ్గుతుందని ఇంధన పొదుపు సంస్థ లెక్క. 2020 జనవరి నుంచి వచ్చిన స్టార్ గుర్తు ఏసీలు ఆన్ చెయ్యగానే 24 మీదే మొదలయ్యేలా చేశారు కూడా. ఫ్యాను పాడైతే ఈసారి బీఎల్‌డీసీ రకం కొనండి, పాతది 75 వాట్లు తింటే అది 30 చిల్లర. కందిపప్పు అరగంట నానబెట్టి కుక్కరు పెడితే గ్యాసు మిగులుతుంది. అంతే.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దోమల గురించి. రాత్రి మీ కిటికీలోంచి కాయిల్ వాసన వచ్చింది. చంటిపిల్లాడు పడుకునే గదిలో అది వద్దు వదినగారూ. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంతని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. తలుపులు బిగించుకుని ఆ పొగంతా పిల్లాడి చేత పీల్పిస్తున్నాం. వేపాకు వేసినా సాంబ్రాణి వేసినా పొగ పొగే, కిటికీలు తీసే వెయ్యాలి. పిల్లాడికి దోమతెర కట్టండి, కిటికీలకి మెష్ కొట్టించండి. డబ్బు ఒకసారే పోతుంది.

దోమే మలేరియా మోస్తుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన తెలుగునేల మీదే. 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో. ఆయన పనిచేసిన భవనం ఇంకా బేగంపేటలో ఉంది. దోమకి నీళ్ళు లేకుండా చేస్తే జబ్బుని ఆపొచ్చని తెలిసి నూరేళ్ళు దాటింది, ఇప్పటికీ వానాకాలం వస్తే ఆస్పత్రుల్లో డెంగీ వార్డులు నిండుతున్నాయి. డెంగీ దోమ మురిక్కాలవలో పుట్టదు, మన ఇంట్లో మంచినీళ్ళలో పుడుతుంది. కాళ్ళ మీద తెల్లచారలుంటాయి, పగలే కుడుతుంది. పూలకుండీ కింద పళ్ళెం, కూలర్ అడుగు, మూతలేని డ్రమ్ము, డాబా మీద పడేసిన పాత టైరు, కొబ్బరిచిప్ప, మనీప్లాంటు సీసా, పక్షుల కోసం పెట్టిన నీళ్ళ మూకుడు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. అందుకే వారానికోసారి అన్నీ ఖాళీ చెయ్యాలంటారు. మన దగ్గర శుక్రవారం డ్రై డే, తెలంగాణలో ఆదివారం పది గంటలకి పది నిమిషాలు అన్నది కూడా ఇందుకే. నీళ్ళు పారబోస్తే చాలదు సుమండీ. ఆ దోమ గుడ్లు నీటిమట్టం పైన గోడకి అతికించి పెడుతుంది, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు పడగానే లేస్తాయి. పీచు పెట్టి గోడలు తోమి, ఎండలో బోర్లించాలి.

అన్నిటికన్నా ఎవరికీ గుర్తురానిది ఫ్రిజ్ వెనక ట్రే. మంచు కరిగిన నీళ్ళు చేరేది అందులోనే. వెచ్చగా, చీకటిగా, ఎవరి కంటా పడకుండా ఉంటుంది. ఇవాళ శుక్రవారమే కదా, పులిహోర సంగతి నేను చూసుకుంటాను, మీరు వెళ్ళి ముందు ఆ ట్రే లాగి, తోమి, ఆరబెట్టి రండి.